మన సంఘం 2024-25 వార్షిక నివేదిక: ఒక్క జంతువు ముందు అరగంట

సభ్యులందరికీ నమస్కారం. ఈ నివేదిక ఉగాదికే ఇవ్వాల్సింది, ఆలస్యమైంది, తప్పు నాదే. ఏడాదిలో ఎనిమిది సమావేశాలు జరిగాయి. జులైలో గోదావరికి వరదొచ్చి లంకల్లో ఉన్న మనవాళ్ళు బయటికి రాలేకపోయారు కాబట్టి ఆ నెల లేదు. జనవరిలో సంక్రాంతికి ఎవరూ రారని ముందే తెలుసు (ఏ బరి దగ్గర ఉంటారో నేను రాయను, జంతువుల మంచి కోరే సంఘం నివేదికలో అది బాగోదు). మిగతా రెండు నెలలు బద్ధకం.

ఎక్కువ చెప్పుకోవాల్సింది ఫిబ్రవరిలో జూకి వెళ్ళొచ్చిన సంగతే. అమలాపురంలో తెల్లవారుజామున బస్సెక్కాం. ముందే ఒక నియమం పెట్టుకున్నాం. ఇద్దరిద్దరు కలిసి ఒక్క జంతువునే ఎంచుకోవాలి, దాని ముందు అరగంట నిలబడాలి, నిమిషానికోసారి అది ఏం చేస్తోందో కాగితం మీద ఒక్కో గడిలో రాయాలి. తింటోందా, పడుకుందా, నడుస్తోందా, అసలు కనబడటం లేదా, అంతే. జంతువుల ప్రవర్తన మీద పరిశోధన చేసేవాళ్ళు కూడా ఇలాగే చేస్తారు. వాచీ, పెన్సిలు, ఓపిక ఉంటే చాలు. ఓపిక దగ్గరే తేడా వచ్చింది, పది నిమిషాలకే ఇద్దరు బజ్జీల బండి దగ్గర తేలారు.

పెద్దపులి ముందు నిలబడ్డవాళ్ళ కాగితంలో ముప్పై గళ్ళకి ఇరవై ఒకటి ‘నడుస్తోంది’ అనే ఉంది. అదే గోడ వార, అదే మలుపు, మలుపు దగ్గర తల అదే పక్కకి. ఆ దారిలో గడ్డి కూడా మొలవలేదు. ‘‘ఎక్సర్‌సైజ్ చేస్తోందండీ’’ అన్నారు ఒక పెద్దాయన. కాదు. పని లేక, వెతుక్కోవాల్సింది లేక, ఒకే కదలికని మళ్ళీ మళ్ళీ చేయడాన్ని స్టీరియోటైపీ అంటారు. ఎలుగుబంటి నిలబడి తల ఊపుతూ ఉండటం, ఏనుగు అటూ ఇటూ ఊగటం, చిలక తన ఈకలు తనే పీక్కోవటం, అన్నీ దాదాపు ఆ కోవలోవే. రాస్ క్లబ్, జార్జియా మేసన్ అనే ఇద్దరు పరిశోధకులు 2003లో నేచర్ అనే సైన్సు పత్రికలో రాసిందేమిటంటే, అడవిలో ఎంత ఎక్కువ దూరం తిరిగే మాంసాహారి అయితే బోనులో అంత ఎక్కువగా ఇలా తిరుగుతుందని, దాని పిల్లలు చనిపోవడం కూడా అంత ఎక్కువని. ధ్రువపు ఎలుగుబంటి పరిస్థితి మరీ కష్టం.

ఇక్కడే మనం ఒక పొరపాటు చేశాం. ఆ పులి వీడియోని మన సభ్యుడొకరు ‘హింస’ అని రాసి వాట్సాప్‌లో పెట్టేశారు, సాయంత్రానికల్లా అది ఎక్కడెక్కడికో వెళ్ళిపోయింది, నాకు రాత్రంతా టెన్షన్. ఆ తిరుగుడుకి ఎన్ని కారణాలుండొచ్చో మనం కనుక్కోలేదు. మేత వేళకి ముందు తిరిగే జంతువులుంటాయి. పాతచోట ఇరుకు బోనులో అంటుకున్న అలవాటు మంచి చోటికి మార్చాక కూడా వదలకపోవచ్చు. పులి, సింహం, చిరుత, ఎలుగు, కోతి, ఈ ఐదింటినీ ఆటలకి వాడకూడదని 1998లో ప్రభుత్వం నిషేధించింది, 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తర్వాత సర్కస్‌లలోంచి తెచ్చిన సింహాలనీ పులులనీ ఉంచడానికి విశాఖ, తిరుపతిలాంటి చోట్ల కేంద్రాలు పెట్టారు. అలాంటి జంతువు గుండ్రంగా తిరిగితే తప్పు ఇప్పుడు చూసుకుంటున్నవాళ్ళదని ఎలా అంటాం? అరగంట చూసి తీర్పు చెప్పేయకూడదు. వీడియో తీసేయించాను, ఆ సభ్యుడికి నా మీద ఇంకా కోపమే.

చిరుత దగ్గర నిలబడ్డవాళ్ళది వేరే గొడవ. ముప్పై గళ్ళూ ‘కనబడటం లేదు’. డబ్బులిచ్చి అంతదూరం వస్తే ఇదేంటని ఒకటే సణుగుడు. మరి చిరుత చేసేదే అది కదా! 2024 సెప్టెంబరులో రాజమండ్రి దగ్గర దివాన్‌చెరువు వైపూ కడియపులంక నర్సరీల్లోనూ చిరుత తిరిగినప్పుడు కెమెరాలు పెట్టారు, బోన్లు పెట్టారు, ఊళ్ళకి ఊళ్ళు తలుపులేసుకున్నాయి, దాన్ని ఎదురుగా చూసింది ఎంతమంది? స్విట్జర్లాండ్‌లో జూలు నడిపిన హైని హెడిగర్ ఎప్పుడో చెప్పాడు, ఎంత చోటుందన్నదాని కంటే ఆ చోటులో ఏముందన్నది ముఖ్యమని, మనిషి ఎంత దగ్గరికొస్తే జంతువు పారిపోతుందో ఆ దూరాన్ని గౌరవించాలని. దాక్కోవడానికి చాటు లేని బోను మనకి బాగుంటుంది, దానికి కాదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది మన చేపల చెరువు రైతు చేసిన పని. నీటికుక్కల దగ్గర ఆయన జంతువుల వంక చూడకుండా ముందు నీళ్ళ వంక చూశారు. ‘‘రంగు బానే ఉందండీ, లోతు చాలదు. ఇయ్యి మునిగి ఆడేయి, గుంపుగా ఉండేయి’’ అన్నారు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో నీటికుక్కలూ బావురుపిల్లులూ ఉన్నాయని మనందరికీ తెలుసు, చెరువు గట్టు మీద కనబడితే తరమడమే గానీ ఇంతసేపు చూసింది లేదట. బావురుపిల్లికి చచ్చిన చేప పళ్ళెంలో వేయడం కంటే తొట్టిలో బతికిన చేపని వదిలితే అది పట్టుకోవడానికి పడే తిప్పలే దాని విసుగుకి మందు అని చెప్పాను. ‘‘అంటే మా చెరువే కదండీ’’ అన్నారు.

బడుల్లో మూడుచోట్ల మాట్లాడాం. జూలో జంతువుని ఏడిపించినా, దానికేమైనా తినబెట్టినా, అరిచి కంగారు పెట్టినా వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 38జె ప్రకారం నేరమని చెబితే పిల్లలు సులువుగానే ఒప్పుకున్నారు. పల్లీలు విసిరింది మనతో వచ్చిన పెద్దవాళ్ళే.

చివరిగా నా సంగతి కూడా రాయాలి, దాచితే బాగోదు. మా ఇంట్లో పదకొండేళ్ళుగా పంజరంలో రామచిలక ఉండేది. దాన్ని పెంచకూడదని చట్టం ఉందని తెలిసీ ‘మా అత్తయ్యగారిది’ అని తప్పించుకుంటూ వచ్చాను. జూ నుంచి వచ్చిన మర్నాడు అదే కాగితం పట్టుకుని దాని ముందు కూర్చున్నాను. పద్నాలుగు గళ్ళలో కడ్డీ కొరుకుడు, ఆరింట్లో రొమ్ము ఈకలు పీక్కోవడం. ఇన్నాళ్ళూ ఈకలు రాలడం ఎండాకాలం వల్ల అనుకునేవాళ్ళం. అటవీశాఖకి అప్పజెప్పాం. గాల్లోకి వదిలేయొచ్చు కదా అని అడిగినవాళ్ళున్నారు, మనిషి చేతిలో పెరిగిన చిలకకి మేత వెతుక్కోవడమే రాదు. అత్తయ్యగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ పొద్దున్నే జామకాయ కోసి ఒక ముక్క పక్కన పెడతారు.

లెక్కలు విడిగా గోడ మీద అంటించాం. బస్సుకే సగం పోయింది. చందా రెండు వందలు, ఇంకా పదకొండు మంది ఇవ్వాలి, ఎవరో వాళ్ళకి తెలుసు. నవంబరులో కోరింగ వెళ్దామనుకుంటున్నాం, పడవ మాట్లాడాలి, పేర్లు దసరాలోపు ఇవ్వండి. పల్లీలు తేవద్దు.

కార్యదర్శి