ఆ గోడౌన్ తాళం ఇప్పించండి, మంత్రి గారూ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఇది మీకు నేను రాస్తున్న ఎనిమిదో అర్జీ. మొదటి ఏడింటికీ రసీదులు నా దగ్గరున్నాయి, జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. అందుకే దీన్ని నలుగురూ చదివేలా బయట పెడుతున్నాను. మీ మీద కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. ఉంది. అంతకంటే పిల్లల గురించి భయం ఎక్కువగా ఉంది.

గోడౌన్ సంగతి మీకు తెలిసిందే, మొదటి నుంచి చెప్పను. నేను ఫ్రాన్స్ నుంచి వచ్చాక టౌన్‌హాల్లో నాకు శాలువా కప్పింది మీరే. మార్కెట్ యార్డులో పాత గోడౌన్ ఊరికే పడి ఉందనీ, నిలువు గడ ఎక్కి విన్యాసాలు చేసే గడ ఆట పిల్లల ప్రాక్టీసుకి ఇప్పిస్తాననీ, కింద వేసే మ్యాట్లు కూడా కొనిపిస్తాననీ మైకులో అన్నదీ మీరే. ముందు వరసలో కూర్చున్న ముసలాయన లేచి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు, గుర్తుందా? యాభై ఏళ్ళు గడ ఎక్కిన మనిషి. మీరు స్టేజీ దిగి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. మరునాడు పేపర్లో ఆ ఫొటో వచ్చింది. ఆయన దాన్ని ఇంట్లో గోడకి అంటించుకున్నాడు, ఇప్పటికీ తీయలేదు.

ఆ రోజు మీరు "అక్కడ అంత గొప్పగా ఏం చూశారు మాస్టారూ?" అని అడిగారు. మీకు ఇంకో మీటింగుకి టైమవుతుండటంతో నేను పూర్తిగా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను, దయచేసి చదవండి.

పారిస్‌లో గార్ ద లెస్ట్ స్టేషన్లో రైలెక్కి షాలోన్ ఆన్ షాంపేన్ అనే చిన్న ఊళ్ళో దిగాను. ఆ ఊళ్ళో సర్కస్‌కి డేరా బదులు 1899లో కట్టిన పక్కా భవనం ఉంది. 1985లో ఫ్రెంచి ప్రభుత్వం జాతీయ సర్కస్ కళల కేంద్రాన్ని పెట్టింది అక్కడే. దేశదేశాల నుంచి పిల్లలొచ్చి మూడేళ్ళు చదువుకుంటారు. తాడు ఎక్కడం, పల్టీలు, బ్యాలెన్సు, వాటితో పాటు డాన్సు, నటన. చివర్లో ప్రభుత్వం గుర్తించిన డిప్లొమా చేతికొస్తుంది. సర్కస్ పల్టీలకి డిప్లొమా ఏమిటని మీకు అనిపించవచ్చు, నాకూ ముందు అలాగే అనిపించింది.

నేను వెళ్ళిన రోజు ఒక అమ్మాయి నిలువు తాడు మీద ప్రాక్టీసు చేస్తోంది. ఇరవై ఏళ్ళుంటాయేమో. తాడు పట్టుకోబోతూ ఆగి కిందికి చూసింది. రెండు మ్యాట్లు కలిసే చోట సందు ఉంది, మహా అయితే రెండు వేళ్ళు పడుతుంది. తాడు వదిలేసి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని ఆ మ్యాట్‌ని జరిపింది. అరచేత్తో రాసి చూసుకుంది. ఆ తర్వాతే ఎక్కింది. పైకెళ్ళి తాడుని నడుముకి చుట్టుకుని ఒక్కసారిగా వదిలేసింది. గిరగిరా తిరుగుతూ జారి, నేలకి జానెడు ఎత్తులో ఆగిపోయింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ జారింది. ముప్పావుగంట ఆ ఒక్క దిగుడే. ప్రతిసారీ ముందు కింద మ్యాట్ చూసుకోవడమే. అంత ధైర్యం ఎక్కడి నుంచి వస్తోందో నాకు అప్పుడు తెలిసింది. కింద మ్యాట్ ఉంది కాబట్టి వస్తోంది మంత్రి గారూ.

ఇప్పుడు మన దగ్గరికి రండి. మా పిల్లలు కాలవగట్టు మీద చింతచెట్టు కింద ప్రాక్టీసు చేస్తారు. గోనెసంచుల్లో వరిగడ్డి కూరి, మూతులు పురికొసతో కుట్టి పక్కపక్కన పరుస్తాం. నాలుగు రోజులకే గడ్డి అణిగిపోయి సంచి అట్టలా అవుతుంది. వాన పడితే బురదే. పోయిన ఆషాఢంలో పన్నెండేళ్ళ కుర్రాడు వెనక్కి పల్టీ కొట్టి దిగుతూ రెండు సంచుల మధ్య సందులో చెయ్యి పెట్టాడు. మణికట్టు విరిగింది. వాడు ఏడవలేదు. "సార్, మళ్ళీ ఎప్పుడు ఎక్కొచ్చు?" అని అడిగాడు. వాళ్ళమ్మ ఊళ్ళు తిరిగి దువ్వెనలు, పిన్నీసులు అమ్ముకునే మనిషి. కట్టు కట్టించడానికి అప్పు చేసింది. ఆ అప్పు ఇంకా తీరలేదు. వాడి చెయ్యి ఇప్పటికీ పూర్తిగా వెనక్కి వంగదు. ఆ అమ్మాయి అరచేత్తో రాసి మూసిన రెండు వేళ్ళ సందు రోజూ నా కళ్ళ ముందుకొస్తుంది.

మీరు మాట ఇచ్చిన మూడో నెలలో ఇంజనీరు గారు వచ్చి టేపు పెట్టి కొలిచారు. ఎత్తు 28 అడుగులు, గడ నిలబెట్టడానికి భేషుగ్గా సరిపోతుందన్నారు. పిల్లలు ఆయన వెనకాలే పరుగెత్తారు. ఆ తర్వాత మొదలైంది తిరుగుడు. ఆటల శాఖకి వెళ్తే ఇది పోటీల్లో ఉన్న ఆట కాదు, కళ కిందికి వస్తుందన్నారు. కళల శాఖకి వెళ్తే మా జాబితాలో గడ ఆట లేదు, కులవృత్తి కాబట్టి సంక్షేమం వాళ్ళని అడగమన్నారు. సంక్షేమం వాళ్ళు మావి హాస్టళ్ళు, స్కాలర్‌షిప్పులు, గోడౌన్లతో మాకేం పని అన్నారు. ఒక అధికారి అయితే ఇది బాల కార్మిక చట్టం కిందికి వస్తుంది, జాగ్రత్త అని నన్నే హెచ్చరించారు. అయ్యా, సర్కస్ కంపెనీల్లో పిల్లలు ఉండకూడదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది, మంచి పని చేసింది. మా పిల్లలు పగలు బడికి వెళ్తారు, సాయంత్రం నేర్చుకుంటారు. టికెట్టు పెట్టి ఒక్క ఆట ఆడించలేదు. ఫ్రాన్స్‌లో ఊళ్ళల్లో పిల్లలకు సర్కస్ బడులున్నాయి, మన పిల్లలు కరాటేకి వెళ్ళినట్టు వెళ్తారు.

ఏ శాఖ అన్న ప్రశ్న ఫ్రాన్స్‌కీ ఎదురైంది. 1970ల చివరి దాకా అక్కడ సర్కస్ వ్యవసాయ శాఖ కింద ఉండేది. నమ్మకం కలగకపోతే ఎవరినైనా కనుక్కోండి. తర్వాత సాంస్కృతిక శాఖ కిందికి మార్చారు. పదేళ్ళు తిరక్కుండా జాతీయ కేంద్రం వచ్చింది. అంతకు ముందే విదూషకుల ఇంట పుట్టిన ఆనీ ఫ్రాతెల్లిని అనే ఆవిడ పారిస్‌లో బడి పెట్టి, సర్కస్ కుటుంబాల్లో పుట్టని పిల్లలకి కూడా నేర్పింది. మన దగ్గర ఆ విద్య తరతరాలుగా ఒంట్లో ఉన్న పిల్లలకే చోటు లేదు.

నా సొంత కళ కోసం నేను ఏమీ అడగడం లేదు. నేను మైమ్ చేసేవాణ్ణి, అంటే మాట లేకుండా ఒంటితోనే నటించేవాణ్ణి, నాకు చాప పరిచినంత చోటు చాలు. పారిస్‌లో పెర్ లాషేజ్ శ్మశానంలో ఫ్రెంచి మైమ్ కళాకారుడు మార్సెల్ మార్సో సమాధి దగ్గర అరగంట నిలబడ్డాను. నోరు మెదపకుండా ప్రపంచాన్ని నవ్వించి ఏడిపించిన మనిషి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో యూదుల పిల్లల్ని నాజీల నుంచి కాపాడి సరిహద్దు దాటించేటప్పుడు వాళ్ళని చప్పుడు చెయ్యకుండా ఉంచడానికి కూడా ఆయనకి మైమే పనికొచ్చింది. అంతటి వాడు 1978లో పెట్టిన బడి, ఆయన బతికుండగానే 2005లో మూతపడింది. ఎంత పేరున్నా ఆసరా లేకపోతే బడి నిలవదని అక్కడ నిలబడి అనుకున్నాను. పేరే లేని మా పిల్లల గతేమిటి?

పేరు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. గడ ఆట ఆడే ఈ కుటుంబాల కులం పేరు దొమ్మరి. ఆ మాటని మన భాషలో తిట్టు చేశాం. బడిలో మా పిల్లలు ఇంటిపేరు చెప్పి ఊరుకుంటారు. బ్రిటిష్ వాళ్ళు ఈ కుటుంబాల్ని, పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసే నేరస్థ జాతుల చట్టం కింద పెట్టారు. ఆ చట్టం 1952లో పోయింది, అనుమానం మాత్రం పోలేదు. జాతరలో ఏదైనా పోతే మొదట వీళ్ళ గుడిసెల దగ్గరికే వస్తారు. వీరఘట్టంలో పుట్టి సొంత సర్కస్ నడిపిన కోడి రామ్మూర్తి నాయుడు గారిని కలియుగ భీముడని తలుచుకుంటాం, పిల్లలకి కథలుగా చెప్పుకుంటాం. నడివీధిలో పసిబిడ్డని చంకనేసుకుని గడ ఎక్కిన ఆడమనిషిది మాత్రం బిచ్చం అయిపోయింది. అదీ సర్కసే కదండీ.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. షాలోన్‌లో ఉన్నంత భవనం కట్టమనడం లేదు. గోడౌన్ తాళం ఇప్పించండి. అందులో ఇప్పుడున్నది విరిగిన కుర్చీలు, పాత ఫ్లెక్సీలు, వాటిని తీసే పని మేమే చేసుకుంటాం, సున్నం కూడా మేమే వేసుకుంటాం. మ్యాట్లు ఇప్పించండి, కొత్తవి కాకపోయినా పర్వాలేదు, గట్టిగా ఉంటే చాలు. ఈ ఫైలు ఏ శాఖదో మీరే ఒక మాట రాసి సంతకం పెట్టండి. ఏ శాఖ అయినా మాకు ఒకటే. తాళం ఇప్పించండి మంత్రి గారూ.

మళ్ళీ వానలు రాబోతున్నాయి. చెయ్యి విరిగిన కుర్రాడు వద్దంటున్నా వినకుండా చింతచెట్టు కిందికి వస్తున్నాడు. నిన్న సాయంత్రం వాడు గోనెసంచుల్ని కాలితో దగ్గరకి నెట్టి, వంగి, సందు ఉందేమోనని చేత్తో తడిమి చూశాడు. అది నేను వాడికి నేర్పలేదు.

వచ్చే సోమవారం గ్రీవెన్స్‌కి తొమ్మిదో అర్జీతో వస్తున్నాను. వాడూ, ఆ ముసలాయనా నాతో వస్తారు. మీరు వచ్చేదాకా వరండాలో కూర్చుంటాం.

ఇట్లు,
మీరు శాలువా కప్పిన మైమ్ మాస్టారు