మంత్రిగారూ, ఆ గురువారం మధ్యాహ్నాలు మా పిల్లలకీ ఇప్పించండి

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి నమస్కారాలు.

నేను కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఈ ఉత్తరం జీతం గురించి కాదు, బిల్డింగుల గురించీ కాదండి. యూనివర్సిటీ ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే మేష్టార్లే తోటి మేష్టార్ల ముందు, విద్యార్థుల ముందు భాష మీదో సాహిత్యం మీదో మాట్లాడే పద్ధతి ఒకటి ఉండేది. దాని గురించి రాస్తున్నాను. నేను ఎంఏ చదివిన చోట ప్రతి గురువారం మధ్యాహ్నం మూడింటికి ఆ ప్రసంగం ఉండేది. ఇప్పుడు లేదు. ఆపేయమని ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు. ఒక వారం పరీక్షల డ్యూటీ అన్నారు, ఇంకో వారం తనిఖీకి ఫైళ్ళు సర్దాలన్నారు. అలా అలా పోయింది.

అక్కడ ఏం జరిగేదో చెబితే తప్ప నా బాధ మీకు తెలియదు. ఒక గురువారం మా నవల మేష్టారు రెండు పుస్తకాలు పట్టుకొచ్చారు. ఒకటి ఆలివర్ గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’. రెండోది, దాని ప్రేరణతో కందుకూరి వీరేశలింగం గారు రాయగా 1880లో పుస్తకంగా వచ్చిన ‘రాజశేఖర చరిత్రము’. ఇంగ్లీషు నవల్లో ఆ మతగురువు ఆస్తి అంతా, డబ్బు దాచుకున్న వర్తకుడు పారిపోవడంతో పోతుంది. తెలుగు నవల్లో బంగారం చేసి ఇస్తానన్న బైరాగి రాజశేఖరుడి సొమ్ము ఎత్తుకుపోతాడు. “వర్తకుడి చోట బైరాగి ఎందుకొచ్చాడు?” అని అడిగి మేష్టారు ఊరుకున్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక వరసలో అమ్మాయి లేచి, నగలు మెరుగుపెడతానని వచ్చి తన అమ్మమ్మ గాజులు పట్టుకుపోయిన మనిషి సంగతి తెలుగులోనే చెప్పింది. మేష్టారు ఆ అమ్మాయిని ఇంగ్లీషులో చెప్పమనలేదు. అక్కణ్ణించి గంటసేపు మాటలు ఆగలేదు.

ఆ తెలుగు నవల మొదలయ్యేది ధవళేశ్వరంలో. సెలవులకి ఇంటికి వెళ్ళొచ్చే ప్రతిసారీ నేను దాటే ఊరు అది. 1887లో హచిన్సన్ అనే ఆయన ఆ నవలని ఇంగ్లీషులోకి అనువదించాడని కూడా ఆ రోజే విన్నాను. ఇంగ్లీషు కథ ఒకటి గోదావరి ఒడ్డుకి వచ్చి, మన మనుషుల్ని కలుపుకొని, తిరిగి ఇంగ్లీషు వాళ్ళ దగ్గరికి వెళ్ళిందన్న మాట. నా సిలబస్‌లో ఈ ముక్క ఎక్కడా లేదు.

ఇంకో గురువారం ధ్వనుల మీద. బస్, కప్, పెన్ మన నోట బస్సు, కప్పు, పెన్ను అవుతాయి. గేట్, సీట్, కార్ మాత్రం గేటు, సీటు, కారు అవుతాయి, వాటికి ఒత్తు రాదు. ముందు అచ్చు పొట్టిగా ఉంటే హల్లు రెట్టిస్తాం, పొడుగ్గా ఉంటే చాలావరకు రెట్టించం. మాట చివర అచ్చు ఉండాలని తెలుగు నాలుక కోరుకుంటుంది. ‘స్కూలు’ని మా నాయనమ్మ ‘ఇస్కూలు’ అనడం వెనక కూడా ఇలాంటి కారణమే ఉంది. మాట మొదట్లో వచ్చే ఆ జంట హల్లు పలకడానికి ముందు ఒక అచ్చు ఆసరా కావాలి.

కిందటేడు మా కాలేజీలో మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె క్లాసులో ‘ఇస్టేషన్’ అంది. అందరూ నవ్వారు. ఆ తర్వాత రెండు వారాలు ఆ పిల్ల నోరు విప్పలేదు. అప్పుడు నాకు ఆ గురువారం గుర్తొచ్చింది. బోర్డు మీద బస్సు, గేటు రాసి, విన్నదంతా చెప్పాను. పరీక్షలో ఎలా పలకాలో విడిగా నేర్పాను. కానీ నీ నోరు తప్పు చెయ్యలేదమ్మా, దానికి ఒక లెక్క ఉంది అన్నాను. ఎప్పుడో నేను విన్న ప్రసంగం, యూనివర్సిటీ గడప తొక్కని పిల్లకి అలా అందింది. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. పల్లెటూరి తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల టెన్షన్ మేం రోజూ చూస్తున్నాం. వాళ్ళకి వ్యాకరణం ఒక్కటే చాలదండి, నామోషీ పోవాలి.

మేష్టార్లని తప్పుపట్టలేను. 2018 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల్లో, ప్రమోషన్ లెక్కలోకి వచ్చే ప్రసంగానికి అంతర్జాతీయ స్థాయి అయితే ఎక్కువ పాయింట్లు, జాతీయ స్థాయి అయితే తక్కువ, రాష్ట్ర, యూనివర్సిటీ స్థాయి అయితే అన్నిటికన్నా తక్కువ. ప్రమోషన్ కావలసిన మనిషి సొంత డిపార్ట్‌మెంట్‌లో నలభై మంది పిల్లల కోసం పది రోజులు చదువుకుని ఎందుకు మాట్లాడతారు? సర్టిఫికెట్ ఇచ్చే సెమినార్లకి నేనూ వెళ్ళాను. మనిషికి ఏడు నిమిషాలు ఇస్తారు, ప్రశ్నలకి టైము ఉండదు.

రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి 1910ల్లో ప్రిన్సిపల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే ఇంగ్లీషువాడు. చిత్రకారుడు దామెర్ల రామారావునీ, రచయిత అడివి బాపిరాజునీ చేరదీసి ప్రోత్సహించింది ఆయనే. క్లాసు గంట అయిపోయాక కూడా పిల్లలతో మాట్లాడే మేష్టారు ఈ ప్రాంతానికి కొత్త కాదు.

నేను అడిగేది పెద్దది కాదు. డిపార్ట్‌మెంట్‌లో చేసే ప్రసంగాన్ని మేష్టారి పనిగంటల్లో లెక్కవేయమని యూనివర్సిటీలకి రాయండి. అఫిలియేటెడ్ కాలేజీల లెక్చరర్లు వచ్చి వినడానికి, మాట్లాడడానికి ఓడీ (ఆ రోజు డ్యూటీలో ఉన్నట్టే లెక్క) ఇప్పించండి. నెలకి ఒక్కటైనా అమలాపురం, భీమవరం, నరసాపురం లాంటి ఊళ్ళకి రావాలి. ఎందుకంటే గోదావరి లంక గ్రామాల ఆడపిల్లలు సాయంత్రం ఏరు దాటించే ఆఖరి పంటు, ఆఖరి బస్సు చూసుకుని ఇల్లు చేరాలి, వాళ్ళు యూనివర్సిటీ దాకా రాలేరు. ప్రశ్న తెలుగులో అడగొచ్చని నోటీసులోనే రాయించండి. ఈ ఒక్క వాక్యం విషయంలో మాత్రం నేను మొండిగా అడుగుతాను.

వరదల కాలం పోయి రేవులో పంటు మళ్ళీ సరిగ్గా తిరిగే రోజుల్లో మొదటిది పెట్టుకోవచ్చు. గది, కుర్చీలు, టీ మేం చూసుకుంటాం. మీరు మేష్టారిని పంపండి.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక ఇంగ్లీషు లెక్చరర్