మన ఇంటీరియర్ డిజైనర్ల సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

మన వృత్తికి లైసెన్సు లేదు. ఆర్కిటెక్టులకు 1972 నాటి చట్టం ఉంది, మనకు అలాంటిది లేదు. డిప్లొమా చేతికొచ్చాక మళ్ళీ ఏమైనా చదివావా అని అడిగేవాళ్ళుండరు. టెక్సస్‌లో అలా కాదు. అక్కడ రిజిస్టరైన ఇంటీరియర్ డిజైనరు ఏటా 12 గంటల పాఠాలు పూర్తిచేయాలి. అందులో ఒక గంట వికలాంగులకు అందుబాటు మీద, ఒక గంట పర్యావరణహితమైన డిజైను మీద తప్పనిసరి. డాలస్‌లో స్థిరపడిన మన పాత సభ్యురాలు ఈ సంగతి చెప్పాకే, ఎవరూ అడగకపోయినా ఆ 12 గంటలూ మనమే పెట్టుకుందామని పోయిన సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం. రెండేసి గంటల చొప్పున ఆరు తరగతులు పెట్టుకున్నాం, ఆరూ జరిగాయి.

అన్నిటికంటే ఎక్కువ నేర్పింది తలుపు. మన సభ్యుడొకరు చేసిన బట్టల దుకాణంలో, దాని సెలవు రోజున కలిశాం. చక్రాల కుర్చీ వాడే ఒక మిత్రుడు పాఠం చెప్పడానికి వచ్చారు. డ్రాయింగులో ట్రయల్ రూమ్ తలుపు వెడల్పు 900 మి.మీ. అని ఉంది. ఆయన కుర్చీ లోపలికి వెళ్ళింది కానీ చేతి వేళ్ళు రెండు పక్కలా ఒరుసుకున్నాయి. టేపు పెట్టి కొలిస్తే మనిషికి మిగిలిన దారి 765 మాత్రమే. గోడలో వదిలిన ఖాళీ 900. ద్వారబంధం రెండు పక్కలా 50 చొప్పున తీసుకుంది, తెరిచిన రెక్క మందం 35 పోయింది. మేస్త్రీ చెప్పినంత వదిలాడు, వడ్రంగి ఆ ఖాళీలోనే బిగించాడు. వాళ్ళ తప్పేమీ లేదు. వికలాంగుల అందుబాటు మార్గదర్శకాలు అడిగే 900 అన్నీ పోగా మిగిలే దారి అని మనం డ్రాయింగు మీద రాయలేదు. లోపలికి వెళ్ళాక ఆయన వెనక్కి తిరగలేకపోయారు. కుర్చీ చుట్టూ తిరగడానికి 1500 మి.మీ. కావాలి, అక్కడ అంత చోటు లేదు. బిల్లు కౌంటరు దగ్గర ఆయన కళ్ళకు కనిపించింది కౌంటరు చెక్క మాత్రమే, క్యాషియరు కాదు. కౌంటరులో ఒక భాగాన్ని 750–800 ఎత్తుకు దించితే సరిపోయేది.

దుకాణం ముందు మూడు మెట్లున్నాయి, ఒక్కోటి 150. 1:12 వాలు, అంటే ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు, కావాలంటే ర్యాంపు పొడవు 5.4 మీటర్లు రావాలి. అక్కడ కట్టింది రెండు మీటర్లు. దాన్ని ఎక్కడానికి ఆయనకు ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది. ర్యాంపు ఉంది కదా అని ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నవాళ్ళం ఆ రోజు చాలాసేపు మౌనంగా ఉండిపోయాం.

గడప మీద మంచి చర్చ జరిగింది. పసుపు రాసి బొట్లు పెట్టే గడప లేకుండా దుకాణం తెరవనంటారు యజమానులు, ఆ నమ్మకాన్ని మనం తోసిపుచ్చలేం. అయితే 12 మి.మీ. మించితే చక్రానికీ, చేతికర్రకూ, పెద్దవాళ్ళ కాలికీ అడ్డమే. నేలతో సమంగా రాతి పట్టీ వేసి దానికే పూజ చేసుకుంటున్న దుకాణం ఫొటోలు ఒక సభ్యురాలు చూపించారు. ఇది తేలిగ్గా ఒప్పించగలిగే మార్గమని నా అభిప్రాయం.

వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఆ చట్టం కింద వచ్చిన 2017 నిబంధనల్లో అందుబాటు ప్రమాణాల గురించిన 15(1) నిబంధన సలహాల స్థాయిలో ఆగిపోయిందని కొట్టేసి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. ఆ కేసులో కోర్టు కోరిన అధ్యయనం చేసింది మన శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయం వైకల్య అధ్యయన కేంద్రమే. ఈ తీర్పు మీద ఒక తరగతి మొత్తం కేటాయించాం. ఇకపై ‘క్లయింటు వద్దన్నారు’ అనే సమాధానం చెల్లదని సభ్యులు గుర్తుంచుకోవాలి.

ఆరోగ్యం మీద జరిగిన తరగతిలో నా అనుభవం చెప్పాను, ఇక్కడా చెప్తున్నాను. కొన్నేళ్ళ కిందట ఒక పిల్లల క్లినిక్కు చేశాను. ముహూర్తం ముంచుకొస్తోందని ల్యామినేట్లు అంటించిన మూడో రోజే తెరిచాం. మే నెల, కిటికీలు మూసి ఏసీ వేశారు. అరగంటలో తల్లులు కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చారు. ధర తక్కువని ఆ ప్లైవుడ్ ఎంపిక చేసింది నేనే. యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో చేసిన చెక్క వేడికీ తేమకూ ఫార్మాల్డిహైడ్ వాయువును ఎక్కువగా వదులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. అప్పటికి నాకీ విషయం తెలియదు. ఈ రంగంలో పదేళ్ళుగా ఉండి తెలియకపోవడమే ఈ తరగతులు అడగడానికి నా కారణం. ఇప్పుడు తక్కువ ఉద్గారాల చెక్కే రాస్తున్నాను, పని ముగిశాక కిటికీలు తెరిచి ఉంచే రోజులు కూడా షెడ్యూల్లో చూపిస్తున్నాను.

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. ఇది చూపించడానికి తరగతి గదిలోనే కార్బన్ డయాక్సైడ్ మీటరు పెట్టాం. తలుపులు మూసిన అరగంటలోపే అది 1,000 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో వెయ్యి పాళ్ళు) దాటింది, అంటే గదిలో మా ఊపిరి గాలే పేరుకుపోయింది. అప్పుడే ఒక సభ్యుడు లేచి కిటికీ తీశారు.

మాదాపూర్ దగ్గరి సీఐఐ–సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు వెళ్ళొచ్చాం. 2004లో రాష్ట్రపతి కలాం గారు ప్రారంభించిన ఆ భవనానికి ఇరవై ఏళ్ళు నిండాయి. పర్యావరణహితమైన భవనాలకు ఇచ్చే లీడ్ గుర్తింపులో అత్యున్నతమైన ప్లాటినం స్థాయి అమెరికా బయట మొదట దక్కింది దానికే. జాలీ గోడల వెంట నడుస్తుంటే, మన పాత ఇళ్ళ వరండాల్లాగే ఎండ చీలికలుగా నేల మీద పడుతోంది. లీజు ముగియగానే కొట్టి పారేసే ఆఫీసు ఇంటీరియర్ల గురించి తిరుగు ప్రయాణంలో మాట్లాడుకున్నాం. జిగురుకు బదులు స్క్రూలతో బిగిస్తే అదే పార్టిషన్ ఇంకో చోటికి వెళ్తుంది. ఇద్దరు సభ్యులు ఇప్పటికే అలా చేస్తున్నారు.

లోటు ఒకటి ఉంది. తరగతులకు వచ్చింది మనమే. సైటులో తలుపు బిగించేది, జిగురు డబ్బా కొనేది మనం కాదు. పాఠాల కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. కొలతలన్నీ బొమ్మలతో ఒకే పేజీలో తెలుగులోకీ, ఉత్తరాది వడ్రంగుల కోసం హిందీలోకీ తెచ్చే పని మొదలైంది.

జమాఖర్చులు విడిగా జతచేశాం. కొత్త ఏడాది మొదటి తరగతికి ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ తమ వడ్రంగినీ మేస్త్రీనీ వెంట తీసుకురావాలి. వాళ్ళ ఆ రోజు కూలి సంఘమే ఇస్తుంది.

– కార్యదర్శి