ఒకటో తరగతి నోటు పుస్తకాలు ఎందుకు ఖాళీగా ఉన్నాయి?

తల్లిదండ్రులకు నమస్కారం.

ఒకటో తరగతి లెక్కల నోటు పుస్తకాల్లో ఈ నెల ఏమీ కనిపించడం లేదని మీలో కొందరు గేటు దగ్గర అడిగారు. నిజమే, పెద్దగా ఏమీ రాయించలేదు. ఎక్కువ తక్కువలు, పొడవు పొట్టి, బరువు తేలిక పోల్చడం నేర్పుతున్నాం. అది చింతపిక్కలు, సీసా మూతలు, పుల్లలు, తక్కెడలతో జరిగే పని కాబట్టి కాగితం మీదికి రాదు.

ఎక్కువ తక్కువలు తెలియాలంటే ముందు లెక్కపెట్టడం రావాలని అనుకుంటాం. అక్కర్లేదు. పళ్లేనికొక గ్లాసు పెట్టమని చెప్పి చూడండి. చివరికి గ్లాసు లేని పళ్లెం ఒకటి మిగిలితే పళ్లేలే ఎక్కువని అంకెలు సరిగ్గా రాని పిల్లలు కూడా చెప్పగలరు. అందుకే వామనగుంటల పీటను తరగతిలోకి తెచ్చాం. ఆట అయ్యాక ఎవరి గింజలు వాళ్లను లెక్కపెట్టనివ్వం. ఇద్దరూ ఎదురెదురుగా ఒక్కో గింజ చొప్పున పేర్చుకుంటూ పోవాలి. ఎవరి వరసలో మిగిలితే వాళ్లది గెలుపు, ఎన్ని మిగిలితే అన్ని ఎక్కువ. తీసివేత అన్న మాట ఎత్తకుండానే తీసివేత మొదలైందన్నమాట.

ఆరు గింజలను కాస్త ఎడంగా పరిస్తే ఎక్కువయ్యాయని, పొడవాటి గ్లాసులో పోసిన మజ్జిగే ఎక్కువని పిల్లలు వాదిస్తారు. చాలామంది పిల్లలు సుమారు ఏడేళ్లు వచ్చేదాకా ఇలాగే కంటికి కనిపించినదాన్ని నమ్ముతారని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే ఇలాంటి ప్రయోగాలు చేసి చెప్పారు. 1970లలో మార్గరెట్ డొనాల్డ్‌సన్, జేమ్స్ మెక్‌గారిగల్ అనే పరిశోధకులు ఆ ప్రయోగాన్నే చిన్న మార్పుతో చేశారు. సమానంగా పేర్చిన రెండు వరసల్లో ఒకదాన్ని పెద్దవాళ్లు కదపకుండా, ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు చూపించారు. అప్పుడు రెండు వరసలూ సమానమేనని చెప్పిన పిల్లల సంఖ్య బాగా పెరిగింది. పెద్దవాళ్లు కావాలని ఏదో మార్చి అదే ప్రశ్న మళ్లీ అడిగితే, తాము ముందు చెప్పింది తప్పేమోనని పిల్లలు అనుకుంటారని వాళ్ల వివరణ.

నాకు ఇది చాలా ముఖ్యంగా తోస్తుంది, ఎందుకంటే మన ఇళ్లలో రోజూ జరిగేదే. పాప సరిగ్గానే చెబుతుంది. మనం "సరిగ్గా చూసి చెప్పు" అంటాం. వెంటనే మాట మార్చేస్తుంది. దాని బదులు "నీకెలా తెలిసింది?" అని అడగండి. జవాబు తప్పయినా ఒప్పయినా అదే ప్రశ్న అడగండి, లేకపోతే ఆ ప్రశ్నకు అర్థం తప్పు అనేనని రెండు రోజుల్లో పసిగట్టేస్తారు.

పరిమాణం వేరు, విలువ వేరు అని చూపడానికి మీ చిల్లర చాలు. 2011లో వచ్చిన నమూనాలో రెండు రూపాయల నాణెం వెడల్పు 25 మిల్లీమీటర్లు, ఐదు రూపాయల నాణేనిది 23. రెండూ ముందు పెట్టి ఏది కావాలో అడగండి. అలాగే సంచెడు మరమరాలు, చిన్న బెల్లం అచ్చు చేతికిచ్చి ఏది బరువో చెప్పమనండి. గుమ్మం వెడల్పును పిల్లవాడి జానతో ఒకసారి, మీ జానతో ఒకసారి కొలవండి. మీ చెయ్యి పెద్దదైనా మీకే తక్కువ జానలు వచ్చాయేమని వాడు ఆలోచనలో పడతాడు. వెంటనే వివరించేయకండి.

రెండో తరగతిలో చిక్కు వేరు. 29, 31 చూపిస్తే తొమ్మిదిని చూసి 29 పెద్దదంటారు. వీళ్లకు పదేసి పుల్లలు కట్టలు కట్టించి, ముందు కట్టలు, తర్వాత విడి పుల్లలు పోల్చమంటున్నాం. 2, 9లలో పెద్దది చటుక్కున చెప్పి, 8, 9 దగ్గర ఆగితే కంగారుపడవద్దు. దగ్గరి అంకెలను పోల్చడానికి పెద్దవాళ్లకూ ఎక్కువ సమయం పడుతుందని మోయర్, లాండావర్ అనే పరిశోధకులు 1967లోనే చూపించారు.

ఇక ఎక్కువ తక్కువల గుర్తులు (>, <). మొసలి పెద్ద సంఖ్య వైపు నోరు తెరుస్తుందని ఇంట్లో నేర్పుతున్నారట. నాకది అంతగా నచ్చదు. పిల్లలకు మొసలి గుర్తుంటుంది, పోలిక గుర్తుండదు. ఈ గుర్తులు 1631లో అచ్చయిన థామస్ హారియట్ పుస్తకంతో వచ్చాయి. అవి లేకుండానే 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు అన్ని లెక్కలు చేశాడు, మన పిల్లలు దసరా సెలవుల దాకా ఆగితే నష్టమేమీ లేదు. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచడానికి 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ కూడా మూడో తరగతి పూర్తయ్యేసరికి పునాది గట్టిపడాలంటుంది తప్ప, ఒకటో తరగతి మొదటి పరీక్షకే అనడం లేదు.

వచ్చే సోమవారం నుంచి నీళ్లతో కొలతలు మొదలుపెడుతున్నాం. వాడేసిన ప్లాస్టిక్ సీసాలు, డబ్బాలు రకరకాల ఆకారాలవి పంపండి. గాజువి వద్దు. తిరిగి ఇవ్వడం కుదరదు. ఆ వారమంతా పిల్లలు తడుస్తారు, సంచిలో ఒక జత బట్టలు అదనంగా పెట్టండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు