దుస్తులు కుట్టినవారి మాటేమిటి?

సంపాదకులకు,

‘ఇన్ ద మూడ్ ఫర్ లవ్’ చిత్రంపై మీ సినిమా పేజీ వ్యాసం 2000లో కథానాయకుడు టోనీ లియాంగ్‌కు కాన్ చిత్రోత్సవంలో దక్కిన ఉత్తమ నటుడి పురస్కారం దగ్గరే ఆగిపోయింది. నేను దర్జీని. కథానాయిక మ్యాగీ చంగ్ తొడుక్కున్న చొంగ్‌సామ్‌ల (ఒంటికి బిగుతుగా పట్టే చైనా గౌన్ల) గురించి ఒక్క మాటైనా రాయవలసింది. గడ్డం కిందిదాకా నిలబడే ఆ కాలరుతో మెడ వంచడమే కష్టం. 1962 నాటి హాంకాంగ్‌లో, ఇరుగుపొరుగు కళ్లు కాపలా కాసే అద్దె గదుల్లో ఆమె పాత్ర బతుకూ అంతే బిగుతు. నూడుల్స్ క్యారియర్‌తో ఇరుకు మెట్ల మీద ఆమె నడక చూడండి, అడుగు ఎంత పడాలో ఆ బట్టే నిర్ణయిస్తుంది. చాలాచోట్ల, గౌను మారితేనే రోజు మారిందని మనకు తెలుస్తుంది. ఆ దుస్తులు రూపొందించిన విలియం చాంగే చిత్రానికి ఎడిటర్ కూడా! ఆయన పేరు ఎక్కడా లేకపోవడం అన్యాయం. మరో వ్యాసంలోనైనా రాయించండి.

— ఒక దర్జీ, తెనాలి