రెండు భాషల పుస్తకంలో చోటు దొరకని భాష

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం.

2022-23లో ప్రభుత్వ బడుల్లో ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టినప్పుడు, పిల్లలు తడబడకూడదని ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. ఆలోచన మంచిదే. అయితే ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు గోండు గూడెం నుంచి ఒకటో తరగతికి వచ్చిన పిల్లకు ఆ రెండు పేజీలూ పరాయివే. ఇంగ్లీషు తెలుగును మింగేస్తోందని వాపోయే మనం, గోండి, కొలామి అనే ఆదివాసీ భాషల పట్ల మన తెలుగు చేస్తున్నదీ అదేనని గమనించం.

గోండిలో ‘ఏర్’ అంటే నీరు. మన ‘ఏరు’కు తోబుట్టువు. ఇంత దగ్గరి చుట్టమైన ఈ భాషను మాట్లాడేవారు 2011 జనగణన ప్రకారం దేశంలో 29 లక్షలకు పైనే ఉన్నా, అంతకన్నా తక్కువమంది మాట్లాడే డోగ్రీకి 2003 రాజ్యాంగ సవరణతో దక్కిన ఎనిమిదో షెడ్యూలు (రాజ్యాంగం గుర్తించిన భాషల పట్టిక) స్థానం దీనికి దక్కలేదు. అది ఢిల్లీ తేల్చవలసిన సంగతి. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ కృషి చేయాలన్న 350-ఏ అధికరణం మాత్రం నేరుగా మీకు వర్తిస్తుంది.

లిపి లేదనే సాకు చెల్లదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో (కంప్యూటర్లలో అక్షరాలకు వాడే అంతర్జాతీయ ప్రమాణంలో) చేరింది. తెలుగు లిపిలో అచ్చువేసినా నాకు అభ్యంతరం లేదు.

ఇంగ్లీషు వద్దనడం లేదు. ఆ గూడేల బడుల్లో మొదటి రెండు తరగతుల పుస్తకాలకు పిల్లల మాతృభాషలో మూడో పేజీ చేర్చి, దాన్ని చదివి వినిపించగల గోండి, కొలామి ఉపాధ్యాయులను నియమించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు