గవర్నరుకు మంత్రివర్గం చెప్పేది సలహాయేనా?

సంపాదకులకు నమస్కారం.

గవర్నరుకూ ప్రభుత్వానికీ మధ్య పేచీ వచ్చినప్పుడల్లా టీవీ చర్చల్లో ఒక వాదన వినిపిస్తుంది: మంత్రివర్గం ఇచ్చేది సలహాయే కదా, పాటించడం మానడం గవర్నర్ ఇష్టం అని. పత్రికలు కూడా ‘మంత్రివర్గ సలహా మేరకు’ అని రాసి ఊరుకుంటున్నాయి. మన వాడుకలో సలహా అంటే నచ్చితే తీసుకునేది, లేకపోతే వదిలేసేది. పాఠకులు అలాగే అనుకుంటే వాళ్ల తప్పేముంది? కానీ రాష్ట్రపతికి, గవర్నరుకు మంత్రిమండలి ఉండాలని చెప్పే రాజ్యాంగం 74, 163 అధికరణల ఇంగ్లీషు పాఠంలో ఉన్న ‘ఎయిడ్ అండ్ అడ్వైజ్’ (సహాయం, సలహా) బరువు వేరు.

పుట్టుకలో ‘అడ్వైజ్’ మెత్తని మాటే. చూడడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. ‘నాకు ఇలా తోస్తోంది’ అన్నది అసలు భావం. విజన్, వీసా, సూపర్‌వైజర్ దీని చుట్టాలే. మధ్యలోని ‘డ’కారం లాటిన్‌ను చూసి తర్వాత చేర్చుకున్నది. వర్తకుల ఉత్తరాల్లో దీనికి ‘తెలియజేయడం’ అనే అర్థం స్థిరపడింది. బ్యాంకు పంపే క్రెడిట్ అడ్వైస్‌లో ఉండేది సొమ్ము జమ అయిందన్న సమాచారమే.

బ్రిటన్ రాజ్యవ్యవహారాల్లో మాత్రం ఈ మాట కరుకుదేలింది. రాజుకు మంత్రులు చెప్పే ఆలోచన, పార్లమెంటు బలపడినకొద్దీ, రాజు కాదనలేని నిర్ణయమైంది. పేరు మాత్రం పాతదే ఉండిపోయింది. 1935 భారత ప్రభుత్వ చట్టం గవర్నర్ల మంత్రిమండళ్ల గురించి ఇవే పదాలు వాడింది. మన రాజ్యాంగంలోనూ అవే వచ్చాయి. మన ‘మంత్రి’ కూడా మంత్రం, అంటే ఆలోచన, చెప్పేవాడే. అయితే వెనకటి మంత్రి మాట తోసిపుచ్చే అధికారం రాజుకుండేది. ఇప్పుడు మంత్రుల వెనక ఓటర్లున్నారు.

ఈ సందేహం సామాన్యులకే వచ్చింది కాదు. 1951లో హిందువుల వివాహ, వారసత్వ నియమాలను మార్చే హిందూ కోడ్ బిల్లు విషయంలో సొంత నిర్ణయం తీసుకోవాలని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అనుకున్నారు. అది కుదరదని కేంద్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి, అటార్నీ జనరల్ సెతల్వాద్ చెప్పారు. 1974లో షంషేర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, విచక్షణకు, అంటే సొంత నిర్ణయానికి, వదిలిన కొద్ది సందర్భాలు తప్పిస్తే రాష్ట్రపతీ గవర్నర్లూ మంత్రివర్గం చెప్పినట్టే నడవాలని తేల్చింది. 1976లో 42వ సవరణ రాష్ట్రపతి విషయంలో దాన్ని అక్షరాలా రాసింది. 1978లో 44వ సవరణ, ఒకసారి పునఃపరిశీలనకు తిప్పి పంపే వీలు కల్పించింది. ఆ వీలును అప్పటి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ 1998లో వాడుకున్నారు. బిహార్‌లో రాష్ట్రపతి పాలన పెట్టాలన్న సిఫార్సును వెనక్కి పంపారు. మరుసటి ఏడాది కేంద్రం మళ్లీ అదే చెప్పినప్పుడు సంతకం చేశారు. నా మట్టుకు ‘అడ్వైజ్’ అన్న పదానికి ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం లేదు.

ఇలాంటి పేచీ మన దగ్గరా జరిగింది. శాసనమండలి నామినేటెడ్ సభ్యత్వానికి తెలంగాణ మంత్రివర్గం పంపిన ఇద్దరి పేర్లను 2023 సెప్టెంబరులో గవర్నర్ తిరస్కరించారు. 2024 మార్చిలో హైకోర్టు ఆ తిరస్కరణను కొట్టేసింది. వివాదం తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లింది. బిల్లుల ఆమోదం సంగతి వేరు. అక్కడ గవర్నరుకు విచక్షణ ఉంటుందని 2025 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అభిప్రాయపడింది. ఏది ఏ కోవలోకి వస్తుందో చెప్పకుండా ‘సలహా’ అని ఒక్క మాటతో సరిపెడితే, ఎన్నుకున్న ప్రభుత్వం మాటకు విలువ ఎంతో జనానికి తెలిసేదెలా?

అందుకే నా విన్నపం. గవర్నరుకు విచక్షణ లేని విషయాల్లో మీ పత్రిక ‘మంత్రివర్గ నిర్ణయం మేరకు’ అని రాయాలి. రాజ్యాంగ పాఠాన్ని ఉటంకించాల్సి వచ్చి ‘సలహా’ అనక తప్పనిచోట, అది గవర్నర్ పాటించి తీరాల్సిందని పక్కనే ఒక వాక్యం చేర్చాలి. పదో తరగతిలోపు పౌరశాస్త్ర పాఠాల్లోనూ ఆ వాక్యం ఉండేలా రెండు రాష్ట్రాల విద్యాశాఖలు చూడాలి.

ఇట్లు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
హనుమకొండ